నేలకు కొట్టిన మేకు

అచలపురి వైభవాన్ని ఆ ఊరి ఆస్థానకవులు ఇప్పటికి ఎన్ని కావ్యాలలో వర్ణించారో వాళ్ళకే లెక్క తెలియదు. బంగారు కలశాలు, వాటి మీద వాలే పంచవన్నెల చిలుకలు, చంద్రకాంత శిలల మేడలు, వీధి వీధినా పన్నీటి కాలువలు, ఆ కాలువల్లో పాదాలు ముంచి కూర్చుని పూలదండలు గుచ్చే చక్కని చుక్కలు. అన్నీ నిజమే. కవులు రాయకుండా వదిలేసిన సంగతి ఒక్కటే ఉంది. ఆ ఊళ్ళో నిటారుగా నిలబడ్డ గోడ లేదు. ప్రతి మేడా ఎంతో కొంత ఒరిగి, పక్కమేడ చెవిలో గుట్టు చెబుతున్నట్టు ఉంటుంది. తెరిచిన తలుపు మూసుకోదు. మూసిన తలుపు తెరుచుకోదు.

కారణం పసిపిల్లాడికైనా తెలుసు. చెబితే మాత్రం రాజద్రోహం.

ఆ వంశపు మూలపురుషుడు కొండెక్కి తపస్సు చేసి, తన రాజ్యంలో నేల ఎన్నడూ కదలకూడదని వరం కోరాడట. దేవుడు సరేనన్నాడని కొండ దిగి వచ్చి ఆయనే చెప్పాడు. దేవుణ్ణి అడిగి చూసినవాళ్ళు లేరు. మర్నాడు కొలువు నిండుగా ఉండగా నేల గడగడ వణికింది. మహారాజు తెలివైనవాడు. సింహాసనం మీంచి ఎగిరి దూకి నాట్యం మొదలుపెట్టాడు. కదిలింది నేల కాదు, తానేనన్నాడు. రాజు చిందులు వేస్తుంటే కూర్చుని చూసే ధైర్యం ఎవరికుంది? మంత్రులు లేచారు. సేనాపతి లేచాడు. ఊరంతా లేచింది.

అదే శాసనమైంది. నేల అదిరిన మరుక్షణం కోటలో బండి మీద నిలిపిన రాజభేరి మోగాలి. మోగగానే ఉన్నవాళ్ళు ఉన్నచోటనే చిందు అందుకోవాలి. భేరి బండి ఎటు కదిలితే జనం అటు ఆడుకుంటూ సాగాలి. భేరి ఆగేదాకా రాజు ఆగకూడదు, రాజు ఆగేదాకా ఎవరూ ఆగకూడదు. భేరి ఎందుకు మోగిందని అడగడం ఘోరాపరాధం. తరాలు గడిచాక అచలపురి ప్రజలకు నేల వణికినప్పుడు భయం వేయడం మానేసింది. సంతోషం కలిగేది. అది సంతోషమేనని చెమట పట్టిన అరిచేతులు పైకెత్తి మరీ ప్రమాణం చేసేవారు.

అలాంటి ఊళ్ళో కిందటి శ్రావణం నుంచి భేరి మోగలేదు.

దానికి కారకుడు కీలభైరవుడనే మాంత్రికుడు. భూమికి మేకులు కొట్టి బిగించే విద్య వాడొక్కడికే తెలుసు. ఆ సంగతి నిశ్చలసేన మహారాజుకు నేరుగా చెబితే తల ఎగిరిపోతుంది కనుక, ప్రభువుల మోకాళ్ళు అలసిపోతున్నాయనీ, ఇక మీదట ప్రభువులు ఆడనక్కరలేకుండా చేస్తాననీ విన్నవించుకున్నాడు. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేకపోతున్న మహారాజుకు అంతకంటే తీయని మాట ఎవరూ చెప్పలేదు. అర్ధరాజ్యం ఇస్తానని మాట ఇచ్చాడు. ఆ దానం జరిగే రోజు ఇవాళే.

దానం మాట అలా ఉంచితే, చిందు లేకపోయేసరికి ఊరికి ఏదో తిక్క పట్టుకుంది. మొగుడూ పెళ్ళాలు చెంబు మీద చెంబు పెట్టినందుకు కొట్టుకుంటున్నారు. కమ్మరి వీధిలో ఒకడు తన నీడ తనను వెక్కిరిస్తోందని ఫిర్యాదు చేశాడు. కుక్కలూ పిల్లులూ మాత్రం నాలుగు రోజులనాడే ఊరు వదిలి జొన్నచేలల్లో చేరాయి. వాటికి శాసనాలు చదవడం రాదు.

ఆ ఊళ్ళోకి జలదుర్గం రాజు రెండో కొడుకు కేయూరుడు మేళగాడి వేషంలో వచ్చాడు. వెంట అతన్ని ఎత్తుకు పెంచిన దాది ఓబులమ్మ ఉంది. మేళగాడి తల్లి వేషం వేయడానికి ఆమె చేసిందల్లా పట్టుచీర విప్పి నేతచీర కట్టుకోవడం. మిగతాది నోరే చూసుకుంది. పని లేక పాత భేరిగాడు పారిపోయాడు కనుక ఆ కొలువు కేయూరుడికి వెంటనే దొరికింది.

అతను వచ్చింది కొలువు కోసం కాదు, అన్న కోసం. జలదుర్గం రాజుకు నగల పిచ్చి. కొడుకులకు కూడా నగల పేర్లే పెట్టుకున్నాడు. పెద్దవాడు కుండలుడు కిందటి ఆషాఢంలో వేటకు పోయి వెండిచుక్కల జింక ఒకటి కనబడితే దాని వెంటపడ్డాడు. జింక వెంటపడి బాగుపడ్డ రాజకుమారుడు ఏ కథలోనైనా ఉన్నాడేమో చూపించండి. ఆ జింక కీలభైరవుడే.

ఆ దానం రోజు పొద్దున్నే ఓబులమ్మా కేయూరుడూ కుండలుడి జాడ వెతుక్కుంటూ కోట వెనక అఖండగిరి ఎక్కారు. పేరుకు అఖండం. నెత్తి నుంచి పాదం దాకా దాని మధ్యలో పాపిట తీసినట్టు పగులు. పగులులోకి గుహ. గుహ వాకిట రెండు తలల కొండచిలువ కాపలా. కేయూరుడు కత్తి దూయబోతే ఓబులమ్మ ఆపింది. బుట్టలోంచి కోడిని తీసి ఒక తలకు వేసింది. రెండో తలకు వేయలేదు. ఆ తలలు రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటూ పొదల్లోకి దొర్లిపోతే, తల్లీకొడుకుల్లా లోపలికి నడిచారు.

లోపల రెండు రాతిగోడలు ఎదురెదురుగా బిగిసి ఉన్నాయి. వాటి సందున కుండలుడు నిలబడి ఉన్నాడు. నిలబడ్డాడనడం మర్యాదకు. పాదాలు కనబడవు, నడుము కనబడదు. భుజాల దాకా రాయైపోయాడు. మెడ మాత్రం మనిషిది.

ఓబులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కుండలుడు చిరునవ్వు నవ్వి, ఆమె చేతి రాగిసంకటి కోసం కలలు కంటున్నానన్నాడు. కేయూరుడు అతని మెడ కింద చేతులు వేసి లాగబోయాడు.

"ముట్టుకోకు," అన్నాడు కుండలుడు. "ముందు చెప్పేది విను. నన్ను లాగితే నేను వస్తాను. ఆ తరవాత కింద ఊరుండదు."

అతను చెప్పింది విచిత్రంగా ఉంది. ఇన్ని నెలలుగా నేలలో కాళ్ళు పాతుకుని ఉన్నవాడు కనుక చెప్పే హక్కు అతనికుంది. భూగర్భంలో ఆరని మంట ఉందట. ఆ మంట వేడికి లోపలి రాయి చిక్కటి పాయసంలా నెమ్మదిగా పొర్లుతుందట. మనం ఊళ్ళు కట్టుకుని, కోటలు కట్టుకుని, సరిహద్దుల కోసం తలలు నరుక్కునే ఈ నేలంతా దాని మీద కట్టిన మీగడ. అదీ ఒక్కటిగా లేదు, పెద్ద పెద్ద పలకలుగా చీలి ఉంది. కింద పాయసం పొర్లుతుంటే పైన పలకలు జరుగుతాయి, గోరు పెరిగినంత నింపాదిగా. రెండు పలకలు ఎదురుబొదురుగా గుద్దుకుంటే మీగడ ముడత పడుతుంది. ఆ ముడతకే మనం పర్వతరాజని పేరు పెట్టి కొబ్బరికాయ కొడతాం. ఒకటి ఇంకోదాని కిందికి దూరితే ఆ దారిన కొండలు నిప్పు కక్కుతాయి. ఇక్కడ మాత్రం రెండు పలకలు భుజాలు రాసుకుంటూ చెరో దిక్కుకు పోతున్నాయి.

"పోనిస్తే పోయేది కదా," అన్నాడు కేయూరుడు.

"అదే జరిగేది. కాస్త జరిగేవి, నేల కాస్త అదిరేది, వీళ్ళు గంతులేసేవాళ్ళు. అందరికీ బాగుండేది. కీలభైరవుడు వచ్చి మేకులు దిగ్గొట్టాడు. ఇనుప మేకులు నిలవలేదు. చివరికి ప్రాణమున్న మేకు కావాల్సొచ్చింది. పలకలు ఆగాయి కానీ, వాటి తోపుడు ఎక్కడికి పోతుంది? అంతా నా వెన్నులో ఉంది, తమ్ముడూ. అందులో కొంత ఆ దొంగ తన బెత్తంలోకి పిండుకుంటున్నాడు. బలం వాడిది, నొప్పి నాది."

రాయి రోజు రోజూ పైకి పాకుతోందనీ, ఇవాళ పొద్దు వాలేసరికి ముక్కు మూసుకుంటుందనీ అతను చెప్పాడు. ఆ తరవాత మేకులో ప్రాణం ఉండదు. ప్రాణం లేని మేకు ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది, అప్పుడు కూడా ఊరు కూలుతుంది. గుహ మూల ఒక ఊట ఉంది. రాతిగోడల మధ్యకు నీరు చేరితే పలకలు జారతాయని కీలభైరవుడు దాని మూతికి బండ అడ్డం పెట్టాడు. ఆ బండ తీస్తే చాలు, అన్న బయటపడతాడు.

"అయితే తీస్తాను."

"ఊరు ఖాళీ అయ్యాక తియ్యి. అంతకు ముందు తీస్తే నేను బతికినా నీతో మాట్లాడను. నా సంగతి నీకు తెలుసు, అలిగితే ఏళ్ళ తరబడి అలుగుతాను."

ఓబులమ్మ కళ్ళు తుడుచుకుని, ఈ పెద్దాయనకు చిన్నప్పటినుంచీ ఇదే మొండితనమనీ, రాయి కావడానికి ఇతనికి మాంత్రికుడి సాయం ఎందుకు కావాల్సొచ్చిందో తనకు అర్థం కావడం లేదనీ గొణిగింది.

కేయూరుడు కొండ దిగి, ముందు మర్యాదగానే ప్రయత్నించాడు. వృద్ధమంత్రి సుమేధుణ్ణి ఏకాంతంలో కలుసుకుని, ఊరి కింద నేల కూలబోతోందని చెప్పాడు. మంత్రి మూసుకోని తలుపును మూసినట్టు నటించి, దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"నాయనా, నాకు తెలుసు. మా ఇంట్లో ఉయ్యాల ఊపేవాళ్ళు లేకుండానే ఎన్నోసార్లు ఊగింది. కానీ నాకు తెలుసన్న సంగతి నాకు తెలియకూడదు. ఈ కొలువులో తల నెరిసేదాకా ఉన్నానంటే అలా ఉన్నాను. నువ్వు చెప్పింది నేను వినలేదు. నువ్వు కూడా వినకు."

బయటికి వచ్చేసరికి దానం తాలూకు శంఖాలు మోగుతున్నాయి. పొద్దు నడినెత్తి దాటింది.

కోట ముందు మైదానంలో ఊరంతా చేరింది. ముత్యాల పందిరి కింద నిశ్చలసేన మహారాజు మెత్తటి దిండ్ల మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఎదురుగా కీలభైరవుడు. ఒళ్ళంతా ఎర్రటి బూడిద, జడలకు ఇనుప మేకులు, చేతిలో నల్లటి బెత్తం. బెత్తం చివర గాలి కూడా వంగి నడుస్తోంది. పందిరికి ఎడం పక్కన జోడెడ్ల బండి మీద రాజభేరి ఉంది. రాగితో పోసిన పెద్ద గంగాళానికి దున్నపోతు తోలు బిగించి చేసింది. పక్కన కేయూరుడు, పగ్గాల దగ్గర ఓబులమ్మ.

రాజు గిండితో ధారపోయడానికి నీళ్ళు వంచాడు. కీలభైరవుడు దోసిలి పట్టాడు. ఆ నీరు చేతిలో పడేలోగా కేయూరుడు కర్ర ఎత్తి భేరి మీద ఒక్కటి వేశాడు.

ఆ దెబ్బకు మైదానం ఉలిక్కిపడింది. ఇంత కాలానికి వినబడిన దరువు. దిండ్ల మీది మహారాజు మోకాళ్ళు ఆయన అనుమతి అడగకుండానే లేచాయి. గిండి ఎటో పోయింది. మంత్రి లేచాడు, సేనాపతి లేచాడు, కమ్మరివాడు తన నీడతో సహా లేచాడు. కాళ్ళ కింద నేల రాయిలా నిశ్చలంగా ఉంది. అది గమనించినవాళ్ళు లేరు. నేల వణుకుతున్నప్పుడు వణకడం లేదని నమ్మడం అలవాటైనవాళ్ళకు, వణకనప్పుడు తేడా ఎలా తెలుస్తుంది? ఆడవాళ్ళు కొంగులు బిగించారు. ముసలివాళ్ళు కర్రలు పారేశారు. ఎన్నో నెలలుగా గొంతులో అడ్డం పడ్డదేదో జారిపోయినట్టు అందరి ముఖాలూ విప్పారాయి.

కీలభైరవుడొక్కడే ఆడలేదు. వంగి నేలకు చెవి ఆనించి విన్నాడు. తన మేకు చెక్కుచెదరలేదు. వాడికి ఒళ్ళు మండిపోయింది.

"ఆపండి," అని అరిచాడు. "నేల కదలడం లేదు."

దరువు తప్ప మిగతా చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. మహారాజు ఆడుతూనే వాడి వైపు తిరిగాడు.

"ఏమన్నావు?"

"నేల కదలడం లేదు మహాప్రభూ. ఈ మేళగాడెవడో ఊరికే వాయిస్తున్నాడు."

"నేల కదలదని మాకు తాతల నాటినుంచీ తెలుసు," అన్నాడు మహారాజు, ఆయాసపడుతూ. "కదిలినప్పుడే భేరి మోగుతుందని నీకెవడు చెప్పాడు?"

ఇక కీలభైరవుడు ఏం చెప్పినా తల పోయేదే. వాడు జీవితంలో పలికిన ఏకైక సత్యం అది, దానికే దొరికిపోయాడు. భటులు చిందులేస్తూ వచ్చి, చిందులేస్తూనే వాణ్ణి పట్టుకుని, చేతిలో బెత్తం లాగేశారు. నేల ప్రస్తావన తెచ్చినవాడికి ఆ ఊళ్ళో ఊపుడు శిక్ష. వలలో చుట్టి రెండు ఏనుగుల మధ్య వేలాడదీసి, కదులుతున్నది తానేనని ఒప్పుకునేదాకా ఊపుతారు. లాగేసిన బెత్తం మహారాజుకు ఊతకర్రగా ఉపయోగపడింది.

"తోలు, ఓబులమ్మా," అన్నాడు కేయూరుడు.

ఆమె ఎద్దుల తోకలు మెలిపెట్టింది. భేరి బండి కోట వాకిలి దాటి రాజవీధిలోకి, రాజవీధి దాటి సందుల్లోకి తిరిగింది. దరువు విన్న ఇల్లల్లా జనాన్ని కక్కింది. సగం గడ్డం గీసిన మంగలీ, సగం గీయించుకున్నవాడూ కలిసి ఆడుతూ వచ్చారు. మంచాన పడ్డవాళ్ళను మంచాలతో సహా ఎత్తుకొచ్చారు. చెరసాల అధికారి శాసనానికి భయపడి ఖైదీలను వదిలితే వాళ్ళు సంకెళ్ళతో తాళం వేశారు. ఒక పెళ్ళి బృందం బృందమంతా వచ్చి చేరింది, పురోహితుడు మంత్రాలు దరువుకు సరిపెట్టుకున్నాడు. ఒక దొంగ మాత్రం ఖాళీ ఇళ్ళను చూసి కాసేపు తటపటాయించాడు గానీ, పాదాలు మాట వినక వెంట వచ్చాడు. అందరి వెనకా రెండు ఏనుగులు, వాటి మధ్య వలలో ఊగుతున్న మాంత్రికుడు.

నగరద్వారం దాటి, మంజరీ నది పక్కన జొన్నచేలల్లో బండి ఆగేసరికి పొద్దు పడమటికి వంగిపోయింది. అప్పుడు తట్టింది కేయూరుడికి అసలు చిక్కు. దరువు ఆపితే జనం ఇంటిదారి పడతారు. ఆపకపోతే తను కొండెక్కేది ఎలా?

ఓబులమ్మ పగ్గాలు వదిలి పైకెక్కింది.

"ఇట్లా తే ఆ కర్ర."

"నీకు కొట్టడం వచ్చా?"

"నిన్ను సాకిన చేతులప్పా ఇవి. కొట్టేది రాకుండా సాకినానా? పో నాయనా, పెద్దోణ్ణి తీస్కరా."

కేయూరుడు పరుగెత్తాడు. ఖాళీ ఊరిగుండా పరుగెత్తడం వింతగా ఉంది. పొయ్యిల మీద అన్నాలు ఉడుకుతున్నాయి. కాలువల్లో సగం గుచ్చిన దండలు తేలుతున్నాయి. ఒరిగిన మేడలు అతని తల మీద ఒకదానితో ఒకటి గుసగుసలాడుతున్నట్టున్నాయి. కొండ మొదలుకు చేరేసరికి నెత్తిన రెక్కల చప్పుడు వినబడింది. కీలభైరవుడు గబ్బిలమై వల కంతలోంచి జారుకున్నాడు.

గుహలో రాయి కుండలుడి కింది పెదవి దాకా వచ్చింది. అతను మాట్లాడలేడు, కళ్ళతో అడిగాడు. ఖాళీ అయిందని కేయూరుడు తల ఊపాడు. ఊట మూల వైపు ఒక్క అంగ వేశాడో లేదో, వెనకనుంచి ఎలుగుబంటి వచ్చి మీద పడింది. గబ్బిలం ఎలుగైంది. ఇద్దరూ దొర్లారు. గోళ్ళు అతని వీపు చీరాయి. కేయూరుడు దాని ముక్కు మీద నగారా కొట్టినట్టు పిడికిలితో కొట్టాడు. ఎలుగు కొండముచ్చై ఎగిరి కుండలుడి తలమీద కూర్చుంది. అతన్ని ఇంకా లోతుకు దిగ్గొట్టాలని రెండు కాళ్ళతో తొక్కుతూ మనిషి గొంతుతో బతిమాలింది.

"రాజకుమారా, ఆ బండ ముట్టుకోకు. ఎంత బలం పోగుపడిందో నీకు తెలీదు. సగం నువ్వు తీసుకో. ఏడు దీవులకు నిన్ను చక్రవర్తిని చేస్తాను. ఒక్క అన్న పోతే ఏం, మీ నాన్న ఇంకో నగ చేయించుకుంటాడు."

"మా నాన్నకు జతలే ఇష్టం," అన్నాడు కేయూరుడు. ఊట మూతికి అడ్డం ఉన్న బండకు భుజం ఆనించి తోశాడు. కదల్లేదు. మళ్ళీ తోశాడు. కండలు తెగుతాయనిపించేలా తోశాడు. బండ చివరికి పక్కకు దొర్లింది. ఇన్నాళ్ళ ఉక్రోషంతో నీరు ఎగజిమ్మి, నురుగులు కక్కుతూ రాతిగోడల సందులోకి దూకింది.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు.

ఎక్కడో చాలా లోతున, భూమంత తిరగలి ఒకసారి తిరిగినట్టు శబ్దం వచ్చింది. ఎడమ గోడ దక్షిణానికి, కుడి గోడ ఉత్తరానికి జారాయి. పిసికిన చింతపండులోంచి గింజ జారినట్టు కుండలుడు సందులోంచి ఎగిరి తమ్ముడి మీద పడ్డాడు. రాయి పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. కొండముచ్చు పట్టుతప్పి కుడి గోడకు వేలాడింది. కుడి గోడ ఉత్తరానికి పోతూనే ఉంది. కీలభైరవుడు జారుకుంటూ, జారుకుంటూ, శాపనార్థాలు పెడుతూ, దుమ్ములో కలిసి కనుమరుగయ్యాడు.

గుహ కప్పు పగిలి ఆకాశం కనబడింది. అన్నదమ్ములు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని వాలున దొర్లారు, లేచారు, మళ్ళీ దొర్లారు. కింద అచలపురి మేడలు ఇన్నేళ్ళ గుసగుసలు కట్టిపెట్టి ఒకదాని మీద ఒకటి బోర్లాపడుతున్నాయి. గోపురాలు మోకరిల్లాయి. బంగారు కలశాలు వీధుల్లో గోలీల్లా దొర్లాయి. నేల దుప్పటి దులిపినట్టు అలలు అలలుగా లేచి చేల వైపు పోయింది. రాజవీధి నడిమికి తెగి, ఆ ముక్క ఒక ఏనుగు పొడవున పక్కకు జరిగింది. నగరద్వారం రెండు స్తంభాలూ ఇప్పుడు ఒకదానికొకటి ఎదురుగా లేవు.

చేలల్లో ఆడుతున్న జనం ఉన్నవాళ్ళు ఉన్నట్టే పడిపోయారు. ఓబులమ్మ కూడా కింద పడింది. దరువు ఆగింది.

దుమ్ము అణిగాక చూస్తే ఊరు లేదు. చచ్చినవాళ్ళూ లేరు. జొన్నకంకుల మధ్య కూర్చుని జనం తమ ఊరుండిన చోటు వైపు చూస్తున్నారు. ఏడవాలో నవ్వాలో చెప్పేందుకు శాసనమేదీ లేదు. అంతలో ఇంకో చిన్న కంపం వచ్చింది. అందరి చూపులూ భేరి వైపు పోయాయి. ఓబులమ్మ చేతిలో కర్ర అలాగే ఉంది. కొట్టలేదు. తొలిసారి ఆ జనం కాళ్ళు కదపకుండా, ఒకరి చేతులొకరు పట్టుకుని, నేల వణుకును ఒంట్లోకి రానిచ్చారు. నిశ్చలసేన మహారాజు బెత్తం పక్కన పడేసి రెండు అరచేతులూ మట్టికి ఆనించాడు.

"భయంగా ఉంది," అన్నాడు, ఎవరితోనూ కాదు.

ఆ మాట విని పక్కనున్న కమ్మరివాడు ఏడ్చాడు. అతన్ని చూసి ఇంకొకరు. ఏడుపు చేలంతా పాకింది. ఓబులమ్మ అదేమీ పట్టనట్టు, తమ్ముడితో కలిసి చేలకు చేరుకున్న కుండలుడి ఒళ్ళంతా తడిమి, గుప్పెళ్ళతో పెచ్చులు రాల్చి, ఎముకలు లెక్క చూసుకుని, చివరకు వాడి చెంప మీద ఒకటి ఇచ్చింది. జింక వెంట పోయినందుకు.

కుండలుడు చెంప రుద్దుకోలేదు. అతని కళ్ళు ఎటో ఉన్నాయి. నెమ్మదిగా బోర్లా పడుకుని నేలకు ఛాతీ ఆనించాడు. ఇన్ని నెలలు మేకుగా ఉన్న శరీరానికి రాళ్ళ మాట ఇంకా వినబడుతోంది.

"తమ్ముడూ, బరువు పోలేదు. పక్కకు జరిగింది."

"ఎక్కడికి?"

"ఈ పగులు ఇక్కడితో ఆగదు. దక్షిణానికి పోతుంది. ఇక్కడ జారిన పలక తన తోపుడంతా పక్కముక్క మీద వేసింది. అక్కడా ఎప్పటిదో పాత బిగింపు ఉంది. అది జలదుర్గం కింద ఉంది. మన కోట కింద."

కేయూరుడు గుర్రం కోసం చూశాడు. గుర్రాలన్నీ దిక్కులు పట్టి పోయాయి. మంజరీ నది వైపు చూశాడు. అది నిన్నటిదాకా తూర్పుకు పారిన నది. ఇప్పుడు దాని గట్టు తెగి, నేలలో కొత్తగా పడ్డ లోతు చాలులోకి మళ్ళి, దక్షిణానికి ఉరకలేస్తోంది. పడవ లేదు. బండి మీదినుంచి దొర్లిన రాజభేరి గట్టున వెల్లకిలా పడి ఉంది. తోలు చిరిగిపోయింది. రాగి గంగాళం మాత్రం నిగనిగలాడుతోంది, ముగ్గురు పట్టేంత.

"నేను ఎక్కను," అంది ఓబులమ్మ. అందరికంటే ముందు ఆమే ఎక్కింది.

కుండలుడు, కేయూరుడు గంగాళాన్ని నీళ్ళలోకి తోసి లోపలికి దూకారు. అది ఒక గిర్రు తిరిగి ప్రవాహానికి దొరికింది. పొద్దువాలే ఎరుపులో రెండు వైపులా కొత్తగా కోసిన మట్టిగోడలు, వాటిలో ఎర్రపొర, తెల్లపొర, నల్లపొర, ఎన్ని వేల ఏళ్ళవో, రెప్పపాటులో వెనక్కి పరుగెత్తాయి. ముందు ఎక్కడో నీరు పడే హోరు.

"ఆ బిగింపు ఎంతకాలం ఆగుతుందన్నా?" అని అరిచాడు కేయూరుడు.

"కదిలించేవాళ్ళు లేకపోతే పున్నమి దాకా. నీళ్ళు తగలకుండా ఉంటే చాలు."

ఓబులమ్మ గంగాళం అంచు గట్టిగా పట్టుకుంది. ఆమె ముఖం అంత పాలిపోవడం కేయూరుడు ఎన్నడూ చూడలేదు.

"మీ నాయన కోట వెనకాల దిగుడుబావి తవ్విస్తాండాడప్పా," అంది. "మనం వస్తాంటే తడిమట్టి పడె."

"ఇప్పుడు బావెందుకు?"

"పెద్దోడు చచ్చిపోయినాడనుకోని," అని ఆమె కుండలుడి వైపు తిరిగింది. " నీ పేరు మీదే నాయనా, నీళ్ళు పడితే నీ ఆత్మకు చల్లగా ఉంటాదని."

గంగాళం ముందుకు వాలింది. కాళ్ళ కింద నది లేదు, లోయ మాత్రమే ఉంది.